చూడ వచ్చుట, చూచుట – ఫ్లారెన్సు నైటింగేలు జీవితము



మత్తయి సువార్త 25వ అధ్యాయములో మన ప్రభువు తీర్పు దినమును గూర్చి బోధించుచు, రోగియైయున్న తన్ను చూడ వచ్చినవారిని కుడివైపున నిలువబెట్టెను. మన యిండ్లలోను ఈ మాటనే వాడుదుము. ఎవరైనను మంచాన పడిరని విన్నంతనే నాలుగు పండ్లు చేతబట్టుకొని, చూచి వత్తమని బయలుదేరుదుము. కుర్చీలో కూర్చుండి, యోగక్షేమములడిగి, ప్రార్థన చేసి, వారిచ్చిన టీ త్రాగి లేచి వత్తుము. చూచి వచ్చితిమనుకొందుము. నిజముగా ఏమి చూచితిమి? ఈ ప్రశ్న మా మనస్సును కొంతకాలముగా తొలుచుచున్నది. అందుకు కారణమును దాచక చెప్పుదుము.

మా చాట్రాయి చుట్టుపట్ల మామిడి కోతల కాలములో పగటివేళ ఇండ్లలో మనుష్యులుండరు. తెల్లవారక మునుపే తోటలకు పోయినవారు ప్రొద్దు క్రుంకినగాని తిరిగి రారు. అట్టి యొక వేసవిలో మా సంఘములోని ఒక వృద్ధురాలు జారిపడి, తుంటి యెముక విరిగి మంచము పట్టెను. కుమారుడును కోడలును కూలికి పోకున్న పొయ్యి రాజదు. మేము ప్రతి ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే ఆమె యింటికి పోయి, వాక్యము చదివి, ప్రార్థించి వచ్చుచుంటిమి. మేము పోవువేళకు కోడలు ఉదికిన దుప్పటి కప్పి, సాంబ్రాణి వేసి యుంచెడిది. ఆ సాంబ్రాణి ఎందుకో మేము ఎన్నడును ఆలోచింపలేదు. పెద్దామె అన్నము తగ్గించినదని కోడలు చెప్పగా, ఎండలు ముదిరినవి గదా అంటిమి. పక్క తడియగుచున్నదని సిగ్గుపడుచు చెప్పగా, ముసలితనములో అది మామూలేనంటిమి.

ఆరవ వారములో, నర్సు ఉద్యోగము చేయుచున్న మనుమరాలు సెలవు మీద వచ్చి, నాయనమ్మను ప్రక్కకు ఒత్తిగిలజేసి చూచెను. వెన్ను చివరి యెముక మీద అరచేయంత పుండు. లోపల యెముక కనబడుచుండెను. వెంటనే ఆసుపత్రిలో చేర్చిరి గాని, అప్పటికే పుండులోని విషము రక్తములో కలిసినందున మూడు వారములకు ఆమె ప్రభువునందు నిద్రించెను. ఆ బిడ్డ ఎవరిని నిందింపలేదు. ఇన్ని వారములలో నాయనమ్మ వీపును ఎవరైనను చూచిరా అని మాత్రము అడిగెను. ఆరు ఆదివారములు ఆ మంచము ప్రక్కనే కూర్చుండిన మేము తల వంచుకొంటిమి.

ఆ తరువాతనే మేము ఫ్లారెన్సు నైటింగేలు జీవితమును మరల చదివితిమి. సెమినరీలో చదువుకొను దినములలో ఆమెను దీపము చేతబట్టుకొనిన స్త్రీ అని మాత్రమే యెరుగుదుము. ఆ దీపము వెలుగులో ఆమె ఏమి చూచెనో, మొదట ఏమి చూడలేకపోయెనో, ఇప్పుడు గ్రహించుచున్నాము.

పిలుపు

ఫ్లారెన్సు 1820 మే 12వ తేదీన ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు పట్టణములో జన్మించెను. పుట్టిన ఊరి పేరే ఆమెకు పెట్టిరి. తలిదండ్రులు ఇంగ్లాండు దేశపు ధనవంతులు. వారికి రెండు పెద్ద బంగళాలుండెను. తండ్రి తానే దగ్గర కూర్చుండి కుమార్తెలిద్దరికి గ్రీకు, లాటిను, చరిత్ర నేర్పెను. ఫ్లారెన్సుకు లెక్కలనిన ప్రాణము. అంకెలను వరుసగా వ్రాసి, వాటిలో దాగిన సంగతిని వెదకుట ఆమెకు చిన్ననాటనే అలవడెను.

1837 ఫిబ్రవరి 7వ తేదీన, పదునారేండ్ల ప్రాయములో, దేవుడు తన్ను సేవకు పిలిచెనని ఆమె నమ్మెను. బాలుడైన సమూయేలువలె ఆమెయు పిలుపు వినెను గాని, ఏ పనికి పిలిచెనో వెంటనే తెలియలేదు. కొన్ని సంవత్సరములకు, రోగుల పరిచర్యయే ఆ పని యని తెలిసినప్పుడు ఇంటివారు ఒప్పుకొనలేదు. ఆ కాలమున ఇంగ్లాండులో ఆసుపత్రి దాదులనిన చదువు లేనివారు, త్రాగుబోతులు అని జనుల తలంపు. 1845లో సాలిస్బరీ ఆసుపత్రిలో పని నేర్చుకొందునని అడుగగా తల్లి కన్నీరు పెట్టుకొనెను. 1849లో ఒక గొప్పవాడు పెండ్లికి అడుగగా ఆమె కాదనెను. అతనిని ఇష్టపడకపోలేదు, తన పిలుపును విడువలేకపోయెను.

జర్మనీ దేశములో రైను నది యొడ్డున కైజర్స్‌వెర్తు అను చిన్న ఊరున్నది. అచ్చటి ప్రొటెస్టంటు సంఘ కాపరి తియొడోరు ఫ్లీడ్నరు 1836లో పరిచారికల కొరకు ఒక గృహమును స్థాపించెను. రోమా పత్రిక 16వ అధ్యాయములోని ఫీబే వంటి స్త్రీలు మన కాలములోను ఉండవలెనని అతని కోరిక. గొప్ప నగరములో గొప్ప గుడి గలవాడు కాదు. మా వంటి చిన్న సంఘపు కాపరియే. ఫ్లారెన్సు 1850లో అచ్చటికి పోయి చూచి, 1851లో సుమారు మూడు నెలలు ఉండి, రోగిని శుభ్రపరచుట, కట్టు కట్టుట, మరణమగువాని ప్రక్క కూర్చుండుట నేర్చుకొనెను. ఆమె జీవితపు పనికి మొదటి బడి ఒక ఊరి సంఘమేనని తలంచునప్పుడు మాకు ధైర్యమును కలుగుచున్నది, సిగ్గును కలుగుచున్నది. 1853లో లండనులో రోగులైన స్త్రీల గృహమునకు ఆమె అధికారిణి ఆయెను.

స్కుటారి

1854లో రష్యాతో క్రిమియా యుద్ధము జరుగుచుండెను. గాయపడిన, రోగులైన ఇంగ్లీషు సైనికులను ఓడలలో నల్ల సముద్రము దాటించి, కాన్‌స్టాంటినోపిలు ఎదుట నున్న స్కుటారి ఆసుపత్రికి తెచ్చుచుండిరి. అచ్చట వారు దిక్కులేక చనిపోవుచున్నారని పత్రికలలో వార్తలు రాగా, యుద్ధ వ్యవహారముల మంత్రి సిడ్నీ హెర్బర్టు ఫ్లారెన్సును పొమ్మని కోరెను. ఆమె 38 మంది పరిచారికలతో అక్టోబరులో బయలుదేరి, నవంబరు మొదటి వారములో స్కుటారి చేరెను.

అచ్చటి ఆసుపత్రి అంతకుముందు సిపాయిల బారకాసు. వసారాలలో కూడ వరుసలుగా పక్కలు వేసియుండిరి. దుప్పట్లు ముతక గుడారపు గుడ్డతో చేసినవి. వాటి మీద పడుకొననొల్లక గాయపడినవారు తమ కంబళ్లలోనే ఉండనిమ్మని వేడుకొనిరట. పల్చబడిన చర్మము మీద ముతక గుడ్డ రాపిడి యెట్టిదో మంచాన పడినవారే యెరుగుదురు. ఫ్లారెన్సు బట్టలు ఉదుకుటకు ఏర్పాటు చేసెను, చొక్కాలు తెప్పించెను, వంట చక్కపరచెను. రాత్రి అందరును పండుకొనిన తరువాత లాంతరు పట్టుకొని ఒక్కొక్క పడక యొద్దకు పోయి చూచుచుండెను. దీపము పట్టుకొనిన స్త్రీ అను పేరు అట్లు కలిగెను.

అయితే చిత్రపటములలో కానరాని సంగతి యొకటి కలదు. ఆమె అంత ప్రయాసపడినను ఆ చలికాలమంతయు మరణములు పెరుగుచునే వచ్చెను. 1855 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చేరిన నూరుమందిలో సుమారు 42 మంది చనిపోవుచుండిరి. గాయముల కంటె జ్వరము, విరేచనములు, కలరా ఎక్కువమందిని చంపెను. మార్చి నెలలో ప్రభుత్వము పంపిన ఆరోగ్య సంఘమువారు వచ్చి పరీక్షింపగా, ఆ కట్టడము క్రిందనే మురుగు కాలువలు పూడిపోయి కుళ్లుచున్నట్లు తేలెను. కాలువలు బాగుచేసి, గాలి రానిచ్చి, గోడలకు సున్నము వేయించిరి. జూను నాటికి మరణములు నూటికి రెండుకు దిగెను.

దీపముతో తిరిగిన ఆ వసారాల క్రిందనే మృత్యువు ప్రవహించుచుండెను. పైన దుప్పటి మార్చుచుండగా క్రింద మురుగు నిలిచియుండెను.

లెక్క

యుద్ధమైన తరువాత 1856 ఆగస్టులో ఆమె ఇల్లు చేరెను. దేశమంతయు ఆమెను పొగడుచుండెను. మరియొకరైన ఆ పొగడ్తతో తృప్తి పడియుందురు. ఆమె అట్లు చేయలేదు. గణాంక శాస్త్రమునందు ఆరితేరిన విలియము ఫారు సహాయముతో సైనికుల మరణముల లెక్కలు ముందు వేసికొని కూర్చుండెను. యుద్ధకాలములో ఆమె, తిండి లేకయు, బట్ట లేకయు, ఆలస్యముగా వచ్చినందునను సైనికులు చనిపోవుచున్నారని తలంచియుండెను. లెక్కలు వేరొక సంగతి చెప్పెను. ఆసుపత్రి యొక్క అపరిశుభ్రతయే వారిలో అనేకులను చంపెను. తాను తిరిగిన చోటనే, తన కన్నుల యెదుటనే అది జరిగెను. ఆమె ఆ సత్యమును కప్పిపుచ్చలేదు. అందరికి అర్థమగునట్లు రంగుల పటములుగా గీయించి ప్రభుత్వము ముందు పెట్టెను. 1858లో లండను గణాంక సంఘములో సభ్యత్వము పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

తన పొరపాటును తానే లెక్కపెట్టి లోకమునకు చూపుట సులభము కాదు. మారుమనస్సు అనగా కన్నీరు మాత్రమే యని మనము తలంచుదుము. ఇకమీదట అట్లు జరుగకుండ ఏమి చూడవలెనో నేర్చుకొనుట అందులో భాగమని ఆమె జీవితము మాకు నేర్పెను.

మంచము

క్రిమియాలో ఉండగా 1855లో ఆమెకు గొప్ప జ్వరము వచ్చెను. దాని శేషము ఆమెను విడువలేదు. 1857 మొదలు అనేక సంవత్సరములు ఆమె తన గదిలోనే, మంచము మీదనో సోఫా మీదనో ఉండి పని చేసెను. మంత్రులును వైద్యులును అచ్చటికే వచ్చి ఆలోచన అడుగుచుండిరి. పడకలోనున్నవారి బాధ యేమిటో ఆమె పుస్తకములలో చదివి తెలిసికొనలేదు.

1859 సంవత్సరాంతమున, రోగి పరిచర్యను గూర్చి ఆమె వ్రాసిన చిన్న పుస్తకము వెలువడెను. అది నర్సుల కొరకు మాత్రమే వ్రాసినది కాదు; ఇంటిలో తల్లికో తండ్రికో పరిచర్య చేయు సామాన్య స్త్రీల కొరకు వ్రాసినది. రోగి అనుభవించు బాధలన్నియు రోగము వలన వచ్చినవి కావని, వాటిలో అనేకము పరిచర్య లోపము వలన కలుగునని ఆమె అందులో బోధించెను. అట్టి వాటికి ఆమె చూపిన దృష్టాంతములలో పడకపుండు ఒకటి. పుండు పడు భయమున్న రోగి క్రింద కంబళి వేయరాదనియు, అది చెమ్మను పట్టియుంచి చర్మమును నానబెట్టుననియు హెచ్చరించెను. అన్నిటికంటె ముఖ్యముగా, రోగిని కనిపెట్టి చూచుటయే పరిచారిక నేర్వవలసిన గొప్ప పాఠమని నొక్కి చెప్పెను.

1860లో, ప్రజలిచ్చిన చందాల నిధితో లండనులోని సెయింటు థామసు ఆసుపత్రిలో నర్సుల పాఠశాల స్థాపించెను. చేరిన ప్రతి కన్య నేర్వవలసిన పనుల పట్టికలో, తమంతట తాము కదలలేని రోగులను కదల్చుట, శుభ్రపరచుట, తినిపించుట, సరిగా పడుకొనబెట్టుట, పడకపుండ్లు రాకుండ కాపాడుట అను పనులు చేర్చియుండిరి. పుండు పడిన తరువాత కట్టు కట్టుట మాత్రమే కాదు, పడకుండ చూచుట కూడ చదువే యని ఆమె స్థిరపరచెను.

ముసలివారు, బీదవారు

ఆ దినములలో ఇంగ్లాండులో దిక్కులేని వృద్ధులు బీదల గృహములలో చేరి మరణమగుచుండిరి. అక్కడి రోగులకు పరిచర్య చేయువారు ఆ గృహములోని ఇతర బీదలే. వారికి చదువు లేదు, శిక్షణ లేదు. 1865లో లివర్‌పూలు నగరపు బీదల గృహమునకు నైటింగేలు పాఠశాలలో నేర్చిన ఆగ్నెసు జోన్సు అను భక్తురాలు తోటి నర్సులతో పోయెను. ఆమెయు కైజర్స్‌వెర్తులో పని నేర్చినదే. రాత్రింబగళ్లు పాటుపడి, 1868లో విషజ్వరము తగిలి 35 ఏండ్ల ప్రాయములో చనిపోయెను. చేతిలో డబ్బు లేని ముసలివానికిని శిక్షణ పొందిన నర్సు కావలెనను మాట, ఆమె ప్రాణము పెట్టిన తరువాత, దేశము వినెను.

మన దేశమునకు నైటింగేలు ఎన్నడును రాలేదు. అయినను ఆమె బల్ల మీద మన దేశపు కాగితములు ఎల్లప్పుడును ఉండెను. ఇండియాలోని సైన్యము ఆరోగ్యమును గూర్చిన రాజ నియమిత సంఘము 1863లో ప్రకటించిన నివేదికలో ఆమె శ్రమ మిక్కిలి కలదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగించిన సర్ ఆర్థరు కాటను దొరతో ఆమె ఉత్తరప్రత్యుత్తరములు జరిపి, కాలువలు త్రవ్విన జనులు కరవున చావరని వాదించెను. 1876 నుండి 1878 వరకు చెన్నరాజధానిలో కలిగిన గొప్ప కరవు ఆమెను కలచివేసెను. మాది మెట్ట సీమ. డెల్టా కాలువ నీరు మా తోటలకు రాదు. అయినను కాటను దొర పేరు తెలియని రైతు మా ప్రక్కన లేడు. ఆ పేరును గౌరవించిన ఈమెను కూడ మన వారిలో ఒకరిగా తలంచుట తగును. ఆమె నేర్పిన పరిచర్య తరువాత మన తెలుగు దేశమునకును వచ్చెను. 1898లో గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లరు అమ్మగారు తెరచిన ఆసుపత్రి వంటి చోట్ల మన సంఘముల ఆడపిల్లలు తెల్లని దుస్తులు తొడిగి ఈ పని నేర్చుకొనిరి.

ఐదు ప్రశ్నలు

నైటింగేలు వేసిన విత్తనము ఆమె తరువాత ఫలించెను. 1962లో ఇంగ్లాండు నర్సు డోరీన్ నార్టను తన సహచరులతో కలిసి, ఆసుపత్రులలోని వృద్ధులను పరిశీలించి, ఎవరికి పడకపుండు పడు భయమున్నదో ముందుగనే తెలిసికొనుటకు ఐదు ప్రశ్నల కొలత నొకటి ప్రకటించెను. దేహస్థితి యెట్లున్నది? మనస్సు తెలివిగా నున్నదా? నడువగలరా? పడకలో తమంతట తాము కదలగలరా? మలమూత్రములు అదుపులో నున్నవా? ఒక్కొక్కదానికి 1 నుండి 4 వరకు అంకెలు. అన్నియు బాగుండిన మొత్తము 20. 14గాని అంతకు తక్కువగాని వచ్చిన అపాయమున్నట్లు గ్రహింపవలెను. 1987లో అమెరికాలో బార్బరా బ్రాడెను, నాన్సీ బెర్గ్‌స్ట్రాము అనువారు ప్రకటించిన కొలతలో ఆహారము, చెమ్మ, చర్మపు రాపిడి, నొప్పి తెలియు శక్తి కూడ చేర్చిరి. ఈ కొలతలు నేటికిని ఆసుపత్రులలో వాడుచున్నారు.

ఇది చదివినప్పుడు మా చేతిలోని కాగితము వణకెను. నార్టను అడిగిన ఐదు ప్రశ్నలలో నాలుగింటికి ఆ వృద్ధురాలి యింట మా కన్నుల యెదుటనే సమాధానమున్నది. ఆమె నడువలేదు, ఒత్తిగిలలేదు, నీరసించెను, పక్క తడియగుచుండెను. పైగా అన్నము తగ్గెను. కోడలు నోరు తెరచి చెప్పినవి ఫిర్యాదులు కావు, అవి హెచ్చరికలు. మాకు వినుట రాలేదు.

మన మామిడి రైతుకు ఈ పుండు సంగతి వేరుగా చెప్ప నక్కరలేదు. వరిగడ్డిలో మాగవేసిన కాయలను ఎందుకు తిరుగవేయుదురు? అడుగున నొక్కుడుపడిన కాయ, పైకి పచ్చగా నిగనిగలాడుచున్నను, లోపల మెత్తబడును. మచ్చ తొక్క మీదికి వచ్చునప్పటికి లోన చెడియుండును. మనుష్యుని దేహములోను అంతే. కదలక పడియున్న చోట లోపలి యెముకకును పక్కకును మధ్య మాంసము నలిగి, రక్తము తిరుగుట ఆగి, ఆ భాగము చచ్చుచుండును. వెన్ను చివరి యెముక, పిరుదులు, తుంటి, మడమలు, చీలమండలు, మోచేతులు, భుజపుటెముకలు, తల వెనుక భాగము, చెవులు, ఇవి తప్పక చూడవలసిన చోట్లు. పక్షవాతము, మధుమేహము గలవారును, మతిమరుపు ముదిరినవారును, జ్వరముతో సోలియుండువారును మిక్కిలి అపాయములో నుందురు. నొప్పి తెలియనివారు నొప్పి యని చెప్పరు. తెలిసినవారిలోను అనేకులు పిల్లలకు భారమగుదుమని చెప్పరు.

మొదటి గురుతు ఎరుపు. వ్రేలితో నొక్కి వదలినప్పుడు ఆ చోటు తెల్లబడి మరల ఎరుపెక్కిన రక్తము తిరుగుచున్నదన్నమాట. నొక్కినను ఎరుపు మారక నిలిచిన పుండు ఆరంభమైనట్లే. అయితే మన చామనచాయ మేనుల మీద, నల్లని మేనుల మీద ఆ ఎరుపు కనబడకపోవచ్చును. గనుక చుట్టునున్న చర్మము కంటె ఆ చోటు నల్లబడినదా, ఊదారంగు తిరిగినదా అని మంచి వెలుగులో చూడవలెను. చేతితో తాకి, వేడిగానో చల్లగానో ఉన్నదా, గట్టిపడినదా, మెత్తబడినదా అని తెలిసికొనవలెను. ఆ చోట ముట్టిన నొప్పియని మూలిగిన నమ్మవలెను.

ఇట్టి వారిని సుమారు రెండు గంటలకొకసారి ప్రక్క మార్చవలెను; ఎవరికి ఎంత కాలమో నర్సు చెప్పును. ఈడ్చరాదు, ఎత్తి జరుపవలెను. తుంటి మీద భారము పడకుండ, వీపు వెనుక దిండు ఆనించి కొంచెమే ఒత్తిగిలజేయవలెను. పిక్కల క్రింద దిండు పెట్టి మడమలు పక్కకు తగులకుండ చేయవలెను. నులక ముళ్లు, దుప్పటి ముడతలు, అన్నపు మెతుకులు వీపు క్రింద నుండరాదు. తడిసిన వెంటనే కడిగి, మెత్తగా అద్ది ఆరబెట్టవలెను. గుడ్డు, పప్పు, పాలు వంటి బలమైన ఆహారమును, చాలినంత నీరును ఇయ్యవలెను. మూత్రపిండముల జబ్బు గలవారి విషయములో వైద్యుని అడుగవలెను. ఒకప్పుడు ఆసుపత్రులలోనే స్పిరిటు రాచి, పౌడరు వేసి యెముకల మీద రుద్దెడివారు. అది మంచిది కాదని నేడు తెలిసినది. రబ్బరు చక్రము క్రింద పెట్టుటయు, చేతి తొడుగులో నీరు నింపి మడమ క్రింద పెట్టుటయు మేలు చేయవు. గాలి పరుపు సహాయము చేయును గాని, ప్రక్క మార్చు చేతికి అది బదులు కాదు. చర్మము చిట్లినను, నల్లబడినను, వాసన వచ్చినను, జ్వరము తగిలినను పసరులతో కాలము గడపక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఒక మాట న్యాయముగా చెప్పవలెను. ఎంత జాగ్రత్త పడినను, మరణము సమీపించిన కొందరికి పుండు పడుట కలదని నేటి వైద్యులు చెప్పుచున్నారు. గనుక పుండు చూచిన వెంటనే ఆ యింటి కోడలిని నిందింపరాదు. పగలు కూలికి పోయి రాత్రి మేలుకొనిన స్త్రీకి నింద కాదు, సహాయము కావలెను.

చివరి దినములు

నైటింగేలు తొంబది యేండ్లు బ్రదికెను. 1901 ప్రాంతమున చూపు పోయెను. లోకమునకు చూచుట నేర్పిన ఆమె తానే చూడలేనిదాయెను. ఇతరుల చేతులు ఆమెను లేవనెత్తెను, కడిగెను, తినిపించెను. 1907లో రాజు ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను గొప్ప బిరుదు నిచ్చెను. దానిని పొందిన మొదటి స్త్రీ ఆమెయే. 1910 ఆగస్టు 13వ తేదీన లండనులోని తన యింట నిద్రలో ప్రాణము విడిచెను. వెస్ట్‌మిన్‌స్టరు మందిరములో సమాధి చేయుదుమని పెద్దలు చెప్పినను, ఆమె కోరికననుసరించి ఇంటివారు ఒప్పుకొనలేదు. ఈస్టు వెల్లో గ్రామపు గుడి ఆవరణలో, తన వారి ప్రక్కనే ఆమెను ఉంచిరి. రాతి మీద పూర్తి పేరైనను లేదు. పేరులోని రెండు మొదటి అక్షరములును తేదీలును మాత్రమే యున్నవి. ఆమె జన్మదినమైన మే 12ను లోకమంతటను నర్సుల దినముగా ఆచరించుచున్నారు. మాకది కోతల నెలయే.

41వ కీర్తన 3వ వచనమును తెరచి చూడుడి. రోగశయ్య మీదనున్న భక్తుని దేవుడు ఆదరించునని దావీదు చెప్పుచున్నాడు. ఆ వచనమునందలి హెబ్రీ క్రియకు తిరుగవేయుట, మార్చుట అని అర్థము. రోగి పడకనంతటిని దేవుడు తానే మార్చునను భావము అందులో నున్నదని వ్యాఖ్యాతలు కొందరు వ్రాసిరి. ఈ అర్థము మేము సెమినరీలో చదివితిమి, పరీక్షలో వ్రాసితిమి కూడ. ఒక వృద్ధురాలిని పాతిపెట్టిన తరువాత గాని అది మాకు తెలియలేదు. సర్వశక్తిగల దేవుడు రోగి ప్రక్కను తన చేతులతో మార్చుటకు సిగ్గుపడనప్పుడు, ఆయన సేవకులమగు మేము ఎందుకు సిగ్గుపడవలెను?

సిగ్గు మన యిండ్లలో పెద్ద అడ్డు. కోడలు మామగారి వీపు చూడలేదు. కుమారుడు తల్లి వీపు చూడడు. ఇద్దరి మధ్య దుప్పటి క్రింద పుండు పెరుగును. అందుచేత మా సంఘములో ఈ కోతల కాలమునకు ఒక ఏర్పాటు చేసికొంటిమి. స్త్రీల మైత్రిలోని ఇద్దరు అక్కలు మంచాన నున్న తల్లుల యొద్దకును, ఇద్దరు యువకులు మంచాన నున్న తండ్రుల యొద్దకును మధ్యాహ్నవేళ పోయి, అనుమతి అడిగి, తలుపు దగ్గరకు వేసి, ప్రక్క మార్చి, మడమలును నడుమును చూచి వత్తురు. మేము పోయినప్పుడు ప్రార్థనకు ముందు ఆ ఐదు ప్రశ్నలు అడుగుదుము. గత నెలలో ఒక తాతగారి మడమ మీద నల్లని మచ్చ అట్లు మొదటనే కనబడెను. పిక్కల క్రింద దిండు పెట్టి, నర్సమ్మకు చూపించిరి. చర్మము చిట్లలేదు, మచ్చ తగ్గుచున్నది. ఇది గొప్ప అద్భుతమని ఎవరును సాక్ష్యము చెప్పరు. మేము మాత్రము దేవుని స్తుతించితిమి.

పాఠకులారా, ఈ ఆదివారము మీరు ఎవరినైనను చూడ పోవుదురేమో. పండ్లు తీసికొనిపొండి, పాట పాడుడి, ప్రార్థన చేయుడి. లేచి వచ్చుటకు ముందు, ఇంటివారిని మెల్లగా అడుగుడి: ఈ దినమున వీపు చూచితిరా?

ప్రార్థన: మా పడకలను మార్చు ప్రభువా, మా కన్నులు తెరువుము. మేము చూడక విడిచినవారిని బట్టి మమ్మును క్షమించుము. మంచముల మీద మౌనముగా నున్న మా తలిదండ్రులను, అలసిపోయిన వారి బిడ్డలను, రాత్రి మేలుకొనియుండు నర్సులను ఆదరించుము. ఆమెన్.